బహిరంగ లేఖ: మందుల చీటీలో మాటకూ చోటివ్వండి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ పెద్దలకు, ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, పాఠశాల, ఇంటర్ విద్య అధికారులకు, ఈ నగరంలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను మూసాపేటలో ఉంటున్న రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలిని. ఇంట్లో మనిషిని ప్రమాదంలోనో, జబ్బుతోనో పోగొట్టుకున్న మా చుట్టుపక్కల కుటుంబాలు కొన్ని కలిసి ఒక అర్జీ రాసుకున్నాం. ప్రభుత్వ దవాఖానాల్లో మాటలతో చేసే వైద్యం, అంటే థెరపీ, మామూలు జనానికి అందేలా చూడమని అడిగాం. సంబంధిత కార్యాలయంలో ఇచ్చాం. రసీదు మీద స్టాంపు పడింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లి అడిగినా ‘పైనుంచి రావాలమ్మా’ అన్నారు. పైనుంచి ఏం రావాలో, ఎవరి టేబుల్ మీద ఆగిందో ఎవరూ చెప్పలేదు. అందుకే నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను.

మీరు చేస్తున్న పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు మా గల్లీలో ఇళ్లల్లో పని చేసుకునే ఆడవాళ్లకు, ఆటోవాళ్లకు ఎంత ఆసరాగా ఉన్నాయో కళ్లారా చూస్తున్నాను. అక్కడ బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు, మందులిస్తారు. నేనడిగేది ఆ పక్కనే ఇంకో కుర్చీ, ఆ కుర్చీలో శిక్షణ ఉన్న ఒక మనిషి.

మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు, లేకపోతే ఈవిడకెందుకీ గొడవ అనుకుంటారు. మా తమ్ముడు ముంబై హైవే మీద లారీ గుద్ది చనిపోయాడు. బండి వెనక వాడి కొడుకు, నా మేనల్లుడు ఉన్నాడు. అప్పటికి పద్నాలుగేళ్లు. పిల్లాడికి మోచేతి దగ్గర కుట్లు పడ్డాయి, అంతే. ఆ రాత్రి క్యాజువాలిటీలో డాక్టర్లు, నర్సులు చేయాల్సిందంతా చేశారు. తలకు సీటీ స్కాన్ తీశారు, నార్మల్ అన్నారు. కుట్లు విప్పించుకోవడానికి ఎప్పుడు రావాలో డిశ్చార్జి కాగితంలో రాశారు. కళ్లముందే తండ్రి పోయిన పిల్లాడిని ఆ తర్వాత ఎవరికి చూపించాలో మాత్రం రాయలేదు. రాద్దామన్నా ఆ కాగితంలో అందుకు గడి లేదు.

పిల్లాడు బడి మానేశాడు. హారన్ మోగితే చెవులు మూసుకునేవాడు. రాత్రి లైటు తీస్తే లేచి కూర్చునేవాడు. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం, దర్గాకు తీసుకెళ్లాం. వాటి మీద నాకు చిన్నచూపేమీ లేదు, ఆ రోజుల్లో మా చేతికందిన సాయం అదే. చివరికి తెలిసిన డాక్టరమ్మ ఒకావిడ చెబితే ప్రైవేటుగా ఒక క్లినికల్ సైకాలజిస్టు, అంటే మాటలతో వైద్యం చేసే నిపుణురాలి దగ్గరికి వెళ్లాం. వారానికి ఒక సెషన్, సెషన్‌కు 1,500 రూపాయలు. నాకు పెన్షన్ వస్తుంది కాబట్టి కట్టగలిగాం.

అర్జీ ఇచ్చినప్పుడు ఒక ఉద్యోగి ‘కూర్చోబెట్టి మాట్లాడటానికి ప్రభుత్వం జీతాలివ్వాలా మేడమ్?’ అని నవ్వాడు. ఆయన ఒక్కడి అనుమానమే అయితే వదిలేసేదాన్ని. చదువుకున్నవాళ్లలో కూడా చాలామంది అలాగే అనుకుంటున్నారు. కాబట్టి ఆ గదిలో ఏం జరుగుతుందో ముందు చెప్పి, తర్వాత మా డిమాండ్ల దగ్గరికి వస్తాను.

1. చెప్పుకోవడం వేరు, థెరపీ వేరు.

జరిగింది మావాడు పోలీసులకు చెప్పాడు, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాడు, పరామర్శకు వచ్చిన ప్రతి బంధువుకీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి నిద్ర పోయింది. సైకాలజిస్టు మొదట్లో ప్రమాదం ఊసే ఎత్తలేదు. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పింది. హారన్ వింటే గుండె ఎందుకు పరిగెడుతుందో బొమ్మ గీసి చెప్పింది. ఆ తర్వాత భయాలన్నిటికీ 0 నుంచి 10 దాకా మార్కులు వేయమంది. ఇంటి గేటు దగ్గర నిలబడి రోడ్డు చూడటానికి వాడు 2 వేశాడు. ఆపి ఉన్న బండి మీద కూర్చోవడానికి 4. మూసాపేట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర నిలబడటానికి 6. నా స్కూటీ వెనక కూర్చుని గల్లీ చివరిదాకా వెళ్లి రావడానికి 8. ప్రమాదం జరిగిన చోటికి 10. కిందినుంచి ఒక్కో మెట్టు ఎక్కాలి. భయం దానంతటది తగ్గేదాకా అక్కడే ఉండాలి, మధ్యలో వచ్చేయకూడదు. తప్పించుకున్నకొద్దీ భయం ముదురుతుందని ఆవిడ మా అందరికీ నేర్పింది. అప్పటిదాకా మేం చేసింది సరిగ్గా అదే. పాపం పిల్లాడు భయపడుతున్నాడని బయటికే పంపలేదు.

అసలు ముడి మాత్రం ఇంకోచోట ఉంది. ‘నీళ్ల బాటిల్ కొనుక్కుందామని నేనే బండి ఆపించాను. ఆపకపోతే లారీ వచ్చేసరికి మేం దాటేసేవాళ్లం.’ ఇదీ వాడి గుండెల్లో ఉన్నది. ‘నీ తప్పేం లేదు కన్నా’ అని ఇంటిల్లిపాదీ అన్నాం. ఒక్కరి మాటా వాడి చెవికెక్కలేదు. ఆవిడ ఆ మాట అననే లేదు. తెల్లకాగితం మీద పెద్ద సున్నా గీసి, ప్రమాదానికి కారణాలన్నీ ఒక్కొక్కటే చెప్పమంది. లారీ స్పీడు, లైట్లు లేని మలుపు, డివైడర్ మధ్య వదిలేసిన సందు, వాన తడి, డ్రైవరు నిద్రమత్తు. ఒక్కోదానికి ఎంత వాటా ఇస్తావో ఆ సున్నాలో గీసి చూపించమంది. నీళ్ల బాటిల్‌ను ఆఖర్న పెట్టమంది. దాని వంతు వచ్చేసరికి లోపల పెన్సిల్ గీత పట్టేంత జాగా మిగిలింది. వాడు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

దీన్ని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు, సీబీటీ అని పిలుస్తారు. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ డిప్రెషన్ రోగుల కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. తర్వాత భయాలకు, ట్రామాకు, అంటే ఘోరమైన ఘటన మనసుకు చేసిన గాయానికి, తగినట్టు మార్చుకుంటూ వచ్చారు. ట్రామా కోసం మలిచిన సీబీటీని, కళ్ల కదలికల సాయంతో చేసే ఈఎండీఆర్‌ను పీటీఎస్‌డీ, అంటే అలాంటి ఘటన తర్వాత ఆ భయం మనసును వదలని జబ్బు, ఉన్న పెద్దలకూ పిల్లలకూ ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. యాంటీబయాటిక్‌కు కోర్సు ఉన్నట్టే దీనికీ ఒక కోర్సు ఉంటుంది, మధ్యలో మానేస్తే పూర్తి ఫలితం ఉండదు. వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, సిటీ బస్సులో కాలేజీకి వెళ్తాడు. టూ వీలర్ ఎక్కడం ఇప్పటికీ ఇష్టపడడు. మంత్రం వేసినట్టు అంతా మాయమైందని నేను చెప్పను.

2. ‘గ్యాస్ అయ్యుంటుంది, టెన్షన్ తీసుకోకండి.’

మా మరదలిది ఇంకో దారి. భర్త పోయిన కొన్నాళ్లకు కూరగాయల బండి దగ్గర నిలబడి ఉండగా ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, చేతుల్లో తిమ్మిరి. ‘పోతున్నాను వదినా’ అంది. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. ఈసీజీ తీశారు, 2డీ ఎకో తీశారు, రక్తం పరీక్ష చేశారు. గుండె బాగుందన్నారు. గ్యాస్ మాత్రలు, రాత్రికి ఒక నిద్రమాత్ర రాశారు. మళ్లీ వచ్చింది, మళ్లీ పరుగు, మళ్లీ ఈసీజీ. మొదటిసారి గుండె పరీక్షలు చేయడం తప్పని ఎవరూ అనరు, చేయాల్సిందే. కానీ ఒకే మనిషి ఫైల్లో నార్మల్ ఈసీజీలు పేరుకుంటుంటే ఇది పానిక్ అటాకేమోనని ఎవరో ఒకరికి తట్టాలి కదా. బిల్లు వేసేటప్పుడు పాత ఫైలు చూస్తారు గానీ వైద్యం చేసేటప్పుడు చూడరెందుకో.

పానిక్ వచ్చిన మనిషికి ఒంట్లో దడ నిజంగానే పుడుతుంది, నటన కాదు. ఆ దడను చూసి ప్రాణం పోతోందని మనసు బెదురుతుంది, ఆ బెదురుకు దడ ఇంకా పెరుగుతుంది. థెరపీలో ఈ గొలుసును తెంపుతారు. మరదలిని ఉన్నచోటే పరిగెత్తమన్నారు. తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పారు. సన్నటి స్ట్రాలోంచి ఊపిరి పీల్చమన్నారు. కావాలనే ఆ దడ, ఆ కళ్లు తిరగడం తెప్పించి, అవి కొన్ని నిమిషాల్లో వాటంతటవే దిగిపోతాయని అనుభవంలోకి తెచ్చారు. మరదలు మొదటిరోజు ఏడ్చింది. కొన్ని వారాలకు ఇంట్లో తనే లేచి పరిగెత్తి చూసుకునేది. ఆ మధ్య కూరగాయల బండి దగ్గర దడ వస్తే సంచీ కింద పెట్టి, అది పోయేదాకా నిలబడి, బేరమాడి బెండకాయలు తెచ్చింది.

మందులు వద్దని నేను అనడం లేదు. కొందరికి సైకియాట్రిస్టు రాసే మందు తప్పనిసరి, కొందరికి రెండూ కావాలి. డాక్టరును అడక్కుండా ఎవరూ మాత్రలు ఆపొద్దు, హఠాత్తుగా ఆపితే ప్రమాదం కూడా. నా అభ్యంతరమల్లా నిద్రమాత్ర ఒక్కటే రాసి పంపేయడం మీద.

3. దుఃఖం జబ్బు కాదు. కొందరిలో మాత్రం అది కదలనంటుంది.

మా అమ్మకు ఎనభై దాటాయి. కొడుకు పోయాడని గుండెలు బాదుకుని ఏడ్చింది. వచ్చినవాళ్లందరికీ వాడి చిన్ననాటి సంగతులు చెప్పింది. పదకొండో రోజు, మాసికాలు, సంవత్సరీకం, ఇలా మన పెద్దవాళ్లు దుఃఖానికి తేదీలు పెట్టారు, ఆ తేదీల్లో నలుగురూ ఇంటికి వచ్చేలా చూశారు. మా పక్కింటి ముస్లిం కుటుంబంలో మూడోరోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుం. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిదే, మనిషిని ఒంటరిగా వదలకపోవడం మాత్రం అన్నింట్లో ఉంది. అమ్మకు అది సరిపోయింది. మెల్లగా తులసికోట దగ్గరికి, టీవీ సీరియల్ దగ్గరికి తిరిగి వచ్చింది. ఆమెకు థెరపీ అక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే 2013 మార్గదర్శకాల్లో, ఆప్తులు పోయిన ప్రతి ఒక్కరికీ మూకుమ్మడిగా థెరపీ ఇవ్వొద్దని రాసింది. మానసిక రుగ్మత లేకుండా కేవలం దుఃఖంలో ఉన్నవాళ్లకు బెంజోడయజిపైన్లు, అంటే మనం నిద్రమాత్రలనే రకం, ఇవ్వొద్దనీ రాసింది. మన దగ్గర జరిగేది తలకిందులు. చావింట్లో ‘కాస్త నిద్రపోతుంది’ అని మాత్ర అందరికీ వేస్తారు. నిజంగా థెరపీ కావాల్సిన వాళ్లు ఎవరో కనిపెట్టేవాళ్లు లేరు.

అలాంటివాళ్లు ఉంటారు. నాతో పనిచేసిన ఒక టీచరు కూతురు పోయి ఏళ్లు గడిచినా ఆ పిల్ల ఫోన్ నంబరుకు రీఛార్జ్ చేయిస్తూనే ఉంది. ఉద్యోగం మానేసింది. పెళ్లికి పిలిస్తే రాదు, ఆ గది తలుపు ఎవర్నీ తీయనివ్వదు. ఆర్నెల్లు దాటాక కూడా, ఆ సమాజం ఆచారాల ప్రకారం ఉండేదానికన్నా మించి, దుఃఖం రోజువారీ బతుకును ఆపేస్తే దాన్ని దీర్ఘకాల శోక రుగ్మతగా గుర్తించాలని 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా, చెబుతోంది. దీనికోసం కొలంబియా యూనివర్సిటీకి చెందిన కాథరిన్ షియర్ 16 సెషన్ల చికిత్స ఒకటి తయారుచేశారు. మరిచిపొమ్మని చెప్పరు అందులో. పోయిన మనిషితో మాట్లాడుతున్నట్టు మాట్లాడిస్తారు. తప్పించుకు తిరుగుతున్న చోట్లకు కొద్దికొద్దిగా నడిపిస్తారు. ఇకముందు ఏం చేయాలని ఉందో కూడా అడుగుతారు, ఇన్నేళ్లుగా ఆ టీచరును ఎవరూ అడగని ప్రశ్న అది. ఇలాంటి వైద్యం హైదరాబాద్‌లో ప్రభుత్వపరంగా ఏ దవాఖానాలో, ఏ వారం దొరుకుతుందో నేను ఆమెకు చెప్పలేకపోయాను. మీరు చెప్పగలరా?

4. ఎవరికి ఎంత ఖర్చు?

మా గల్లీ చివర ఆటో నడిపే అతని తమ్ముడు కూడా రోడ్డు మీదే పోయాడు. అతనికి 1,500 రూపాయలంటే రెండు రోజుల సంపాదన, అదీ పెట్రోలు, ఫైనాన్స్ కిస్తీ తీయకముందు. వారానికోసారి ఆ డబ్బు కట్టి, ఒక పూట ఆటో ఆపి, ఎన్ని వారాలు వెళ్లగలడు? వెళ్లలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టక క్వార్టర్ సీసాకు అలవాటు పడ్డాడు. ఆయన భార్య ఇప్పుడు ఇంకో రెండిళ్లలో పని ఒప్పుకుంది. పెద్దపిల్ల చిన్నవాడిని చూసుకోవడానికి బడి ఎగ్గొడుతోంది. వైద్యం ఖర్చు మిగిలిందని ఎవరైనా అనుకుంటే ఆ ఇంటికొచ్చి లెక్క చూడమనండి.

5. పేరు అడ్డం పడుతోంది.

మూసాపేట నుంచి ఎర్రగడ్డ మెట్రోలో రెండు స్టేషన్లు. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అక్కడే ఉంది. అక్కడ పనిచేసేవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ మరదలితో ‘పోనీ ఎర్రగడ్డకు వెళ్దామా’ అన్నందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఈ ఊళ్లో ‘ఎర్రగడ్డ కేసు’ అనేది తిట్టు. సినిమాల్లో జోకు, ఆఫీసుల్లో జోకు, బడిలో పిల్లల నోట కూడా విన్నాను. కాబట్టి ఆసుపత్రి అక్కడ ఉందిగా అంటే చాలదు. బీపీ చూపించుకునే చోటే, అదే వరసలో కూర్చుని, పక్కింటివాళ్లకు తెలియకుండా చూపించుకునే వీలుండాలి.

6. చట్టం ఏమంటోంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం నడిపే, లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కని 18వ సెక్షన్ చెబుతోంది. భరించగలిగే ఖర్చులో, తగినంతగా, దగ్గరలో ఉండాలనీ చెబుతోంది. జిల్లాలో కనీస సేవలు కూడా లేకపోతే, అదే జిల్లాలో ఇంకెక్కడైనా చూపించుకున్న ఖర్చు ప్రభుత్వమే భరించాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఆ లెక్కన మేం దయ చూపమని అడగడం లేదు.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. సమస్యను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదనీ తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. మన దగ్గర పరిస్థితి అంతకన్నా మెరుగని చెప్పే ఆధారం మీ దగ్గర ఉంటే బయట పెట్టండి, సంతోషిస్తాం.

7. ‘అంతమంది సైకాలజిస్టులు ఎక్కడున్నారు?’

నిజమే, లేరు. దేశంలో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా రారు, క్లినికల్ సైకాలజిస్టుల సంగతి ఇంకా కష్టం. అయినా దారి ఉంది. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డిప్రెషన్ ఉన్నవాళ్లకు మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి 6 నుంచి 8 సెషన్ల చికిత్స చేయించారు. మేలు జరిగిందని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. పెషావర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 5 సెషన్ల పద్ధతిని కూడా డాక్టర్లు కానివారే నడిపించారు. జింబాబ్వే రాజధాని హరారేలో 2006 నుంచి డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు క్లినిక్ బయట బెంచీ వేసి, శిక్షణ పొందిన నాయనమ్మలను కూర్చోబెట్టారు. అంతదూరం ఎందుకు, 1996లో జాతీయ స్థాయిలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా మన పొరుగున ఉన్న బళ్లారే. తీవ్రమైన పీటీఎస్‌డీకి నిపుణులే కావాలి. కానీ వడపోసి, తేలిక కేసులు చూసి, మిగిలినవి పైకి పంపే పని శిక్షణతో చేయించొచ్చు. ఇది చదివి వెంటనే ఆ పని కూడా ఆశా కార్యకర్తల నెత్తిన పెట్టకండి. ఉన్న పనికే వాళ్లకు జీతం చాలడం లేదు. వేరే మనుషుల్ని, వేరే జీతంతో పెట్టండి.

టెలీ మానస్ 14416 గురించి కూడా ఒక మాట. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ఉచిత ఫోన్ సేవ మంచిది. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ లేఖ చదువుతున్న ఎవరికైనా మనసు అతలాకుతలంగా ఉంటే, చచ్చిపోవాలనిపిస్తుంటే, ఇప్పుడే ఆ నంబరుకు చేయండి. అయితే నేను పైన రాసినలాంటి పని ఫోన్‌లో ఒక్కసారి మాట్లాడితే అయ్యేది కాదు. వారం వారం అదే మనిషి ఎదురుగా ఉండాలి.

ఇక మా డిమాండ్లు.

అ. ప్రతి ఏరియా ఆసుపత్రిలో కనీసం ఒక క్లినికల్ సైకాలజిస్టు పోస్టు మంజూరు చేసి నింపండి. బస్తీ దవాఖానాలకు వారంలో ఒక రోజు కేటాయించి, ఆ రోజు, ఆ టైము బయట బోర్డు మీద రాయండి. కొత్త బిల్డింగు, శంకుస్థాపన, రిబ్బన్ కటింగ్ ఏమీ అక్కర్లేదు. తలుపు మూసుకునే గది చాలు. తలుపు మాత్రం ఉండాలి, క్యూలో ఉన్నవాళ్లు వింటుంటే ఎవరూ నోరు విప్పరు. గోప్యత కూడా అదే చట్టంలో 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు. తెలుగుతో పాటు ఉర్దూలో మాట్లాడేవాళ్లు ఉండాలి, ఇది హైదరాబాద్.

ఆ. డిశ్చార్జి కాగితంలో ఒక గడి పెట్టండి. ప్రమాదంలో బతికినవాళ్లకు, క్యాజువాలిటీలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి, నెల తర్వాత ఆసుపత్రి నుంచి ఒక ఫోన్ వెళ్లాలి. నిద్ర పడుతోందా, పిల్లాడు బడికి వెళ్తున్నాడా, తాగుడు పెరిగిందా అని అడగాలి. నెల తర్వాత అని ఊరికే అనడం లేదు. మొదటి రోజుల్లో భయం, కలత చాలామందికి ఉంటాయి, చాలావరకు తగ్గుతాయి కూడా. ఘటన జరిగిన వెంటనే ఒకేసారి కూర్చోబెట్టి అంతా చెప్పించేస్తే పీటీఎస్‌డీ ఆగదని పరిశోధనల్లో తేలింది. ఆ పూట మంచినీళ్లు, భద్రమైన చోటు, ఇంటివాళ్లకు ఫోన్ కలిపివ్వడం చాలు.

ఇ. పెద్ద ప్రమాదాలకు ఇదే పద్ధతి రాతపూర్వకంగా ఉండాలి. 2025 మేలో గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది పోయారు. అదే ఏడాది జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. ఎక్స్‌గ్రేషియా ప్రకటనలు నేనూ చదివాను. బతికి బయటపడ్డ కార్మికులను, మంటలార్పిన సిబ్బందిని, శవాలు మోసినవాళ్లను తర్వాత ఎవరు పలకరిస్తారన్నది నేను చదివిన వాటిలో కనిపించలేదు.

ఈ. ఆరోగ్యశ్రీలో థెరపీ సెషన్లకు స్పష్టమైన ప్యాకేజీ ప్రకటించండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలకూ చెబుతున్నాం. ఒంటి జబ్బులకు ఉన్నట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చట్టంలో 21వ సెక్షన్ అంటోంది. మంచం ఎక్కితేనే క్లెయిమ్ అని మీరంటే, కుర్చీలో కూర్చుని చేసే ఈ వైద్యానికి ఆ సెక్షన్ ఉండీ లేనట్టే.

ఉ. వంద, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో కనీసం ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులై 25న చెప్పింది. ఆ తీర్పు విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో వచ్చింది. హైదరాబాద్‌లో ఏయే స్కూళ్లు, ఏయే ఇంటర్ కాలేజీలు పెట్టాయో జాబితా బయట పెట్టండి. పీఈటీ సారు గదికి ‘కౌన్సెలింగ్ సెల్’ అని బోర్డు తగిలించిన చోట్లను లెక్కలోకి తీసుకోవద్దు. నేను ముప్పై ఏళ్లకు పైగా బడుల్లో ఉన్నదాన్ని, తనిఖీ రోజు బోర్డులు ఎలా లేస్తాయో నాకు తెలుసు.

ఊ. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేసేవాళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద పెట్టాలని ఆదేశించండి. వారాంతం కోర్సు చేసి ‘మూడు సిట్టింగుల్లో డిప్రెషన్ మాయం’ అని ఫ్లెక్సీలు కట్టేవాళ్ల మీద చర్య తీసుకోండి. థెరపీ పేరుతో ఒకసారి మోసపోయినవాళ్లు రెండోసారి అసలైన మనిషి దగ్గరికి కూడా వెళ్లరు.

డాక్టర్లకు వేరుగా ఒక విన్నపం. ఓపీలో మీ ముందు వందమంది ఉంటారు, తెలుసు. అయినా నార్మల్ రిపోర్టు చేతిలో పెట్టేటప్పుడు ‘ఈమధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా అమ్మా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. మా మరదల్ని ఎవరైనా అలా అడిగి ఉంటే అన్ని ఈసీజీలు అయ్యేవి కావు.

పై ఆరు అంశాల్లో ఏది చేస్తారో, ఏది చేయరో, చేయకపోతే కారణమేమిటో, చేసేదానికి బాధ్యుడైన అధికారి ఎవరో రాతపూర్వకంగా తెలపండి. మా పాత అర్జీ రసీదు నా దగ్గర భద్రంగా ఉంది, అడిగితే జిరాక్సు పంపుతాను. పిలిస్తే మా కుటుంబాలు వచ్చి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆటో అతను కూడా వస్తానన్నాడు, మధ్యాహ్నం రెండు తర్వాత అయితే.

ఇట్లు,
మూసాపేట పరిసర కుటుంబాల తరఫున
ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు
హైదరాబాద్

ప్రతులు: శాసనసభ్యులకు, కార్పొరేటర్లకు, ఇంటర్ కాలేజీల యాజమాన్యాలకు, పత్రికా సంపాదకులకు